భృతి ముందు, వైద్యం తరువాత

అమెరికాలో పని చేయలేని స్థితికి వచ్చిన కార్మికునికి ప్రభుత్వ భృతి, వైద్య బీమా సాధారణంగా ఒకేసారి చేతికందవు. వికలాంగులకు మెడికేర్‌ను ప్రసాదించిన 1972 నాటి చట్టమే ఈ ఎడమును కూడా విధించినది. వైకల్యం ప్రాప్తించిన పిమ్మట నిండు అయిదు నెలలు గడచినగాని భృతి మొదలు కాదు. అటుపై 24 నెలలకుగాని మెడికేర్ రాదు. వెరసి 29 నెలలు! చికిత్స మిక్కిలి అవసరమైన కాలమే అది. కండరాలను క్షీణింపజేసే ఏ.ఎల్.ఎస్. రోగులకు మాత్రం 2001 జూలై నుండి ఈ 24 నెలల గడువు లేదు.

నిరుపేదలకు మరొక దారి ఉన్నది. ఎస్.ఎస్.ఐ. అనే భృతి మంజూరైనచో అత్యధిక రాష్ట్రాలలో మెడికెయిడ్ వైద్యమూ దానితోపాటే లభిస్తుంది. అయితే ఒంటరి వ్యక్తికి లెక్కకు వచ్చే ఆస్తి 2,000 డాలర్లు మించరాదు. 1989 నుండి ఆ హద్దు కదలలేదు, ధరలు ఆగినవా? నివసించే ఇంటిని లెక్కలో చేర్చకపోవడం కొంత ఊరట.