ఆ మెరుపు ఏ దిక్కు నుంచి వచ్చింది?

పిల్లలూ! పటంలో వరంగల్లు చుట్టూ చూడండి. ఈశాన్యాన భూపాలపల్లి, ఆగ్నేయాన మహబూబాబాదు, నైరుతిన జనగామ కనిపిస్తాయి. మూడింటినీ గీతలతో కలిపితే త్రికోణం అవుతుంది.

ఈ మూడు ఊళ్ళలోనూ మీకు నేస్తాలున్నారనుకోండి. ఒకనాడు బారులు తీరిన పెద్ద వానమబ్బు అటుగా సాగింది. భూపాలపల్లిలోనూ, మహబూబాబాదులోనూ సరిగ్గా మూడు గంటలకు చినుకు పడింది. జనగామలో ఆరు గంటలకు పడింది. వాన ఏ దిక్కు నుంచి వచ్చింది? తూర్పు నుంచి! ఆకాశం చూడకుండానే చెప్పేశారు కదా! కాని ఒక్క ఊరి గడియారమే ఉంటే చెప్పగలిగేవారా?

సరిగ్గా ఈ యుక్తితోనే శాస్త్రజ్ఞులు ఒక గొప్ప రహస్యాన్ని విప్పారు.

1963లో అమెరికా, రష్యా, బ్రిటన్ దేశాలు ఒక ఒడంబడిక చేసుకున్నాయి. గాలిలో గాని, నీటిలో గాని, అంతరిక్షంలో గాని అణుబాంబులు పేల్చి పరీక్షించరాదని దాని సారాంశం. ఎవరైనా మాట తప్పితే కనిపెట్టాలని అమెరికా 'వేలా' అనే ఉపగ్రహాలను పైకి పంపింది. బాంబు పేలితే గామాకిరణాలు వెలువడతాయి. ఇవి వెలుతురుకు చుట్టాలే. కాని కంటికి కనిపించవు, శక్తిలో ఎక్స్‌కిరణాలను కూడా మించినవి. ఉపగ్రహాలు వీటికోసమే కాపలా కాశాయి.

1967 జూలై 2వ తేదీన గామాకిరణాలు ఒక్కసారిగా గుప్పుమన్నాయి. బాంబేనా? తొందరపడి ఎవరిమీదనైనా నింద వేస్తే దేశాల మధ్య ఎంత కలహం రేగేదో! కాని ఆ మెరుపు తీరు బాంబు తీరులా లేదు. పెరిగి, తగ్గి, మళ్ళీ పెరిగింది. శాస్త్రజ్ఞులు ఆ కాగితాలను భద్రంగా పక్కన పెట్టారు.

తరవాత ఇంకా మంచి గడియారాలున్న వేలాలు వెళ్ళాయి. అవి లక్ష కిలోమీటర్లకు పైన, ఒకదానికొకటి ఎంతో దూరంగా తిరిగేవి. కిరణాలు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. అందుచేత ఒక ఉపగ్రహానికి ముందూ, మరొకదానికి సెకనులో కొద్ది భాగం వెనకా అందుతాయి. క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ అనే ముగ్గురు ఆ తేడాలను లెక్కకట్టారు. 1969 జూలై నుంచి 1972 జూలై వరకు వచ్చిన 16 మెరుపులు భూమి మీదివి కావు, సూర్యుడివీ కావు! 1973లో ఈ సంగతి లోకానికి తెలిపారు. బాంబులు వెతకబోతే నక్షత్రాల కబురు దొరికింది!

మహానక్షత్రం కూలి కృష్ణబిలంగా మారినప్పుడో, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడో ఇలాంటి మెరుపులు పుడతాయని తరవాత తేలింది.

మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఎగిరిన ఆస్ట్రోశాట్ కూడా వీటిని పట్టింది. దానిలోని ఒక పరికరం పని మొదలుపెట్టిన రోజునే, అంటే అక్టోబరు 6న, తొలి మెరుపును చూసింది. 2023 నవంబరు నాటికి లెక్క 600కు చేరింది.

2022 అక్టోబరు 9న సాయంత్రం, మన గడియారాల్లో 6 గంటల 47 నిమిషాలకు, అంతవరకు ఎవరూ చూడనంత గొప్ప మెరుపు వచ్చింది. అది సుమారు 190 కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి మనను చేరింది. భారతదేశంలో పిడుగులను పసిగట్టే పరికరాలకు కూడా దాని జాడ తగిలింది.

ఈసారి వాన వచ్చినప్పుడు తొలి చినుకు పడ్డ వేళ రాసిపెట్టుకోండి. పొరుగూళ్ళ నేస్తాలను కూడా అడిగి, పటం ముందు పెట్టుకుని లెక్క వేయండి. వాన ఏ దిక్కు నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.