ఇంటిపన్ను ఎలా లెక్క కడతారు?

పిల్లలూ, మీ ఇంట్లో ఎక్కడో ఇంటిపన్ను రసీదు దాచివుంటుంది. పెద్దవాళ్ళను అడిగి ఒకసారి చూడండి. దాని మీద వున్న అంకె ఏ అధికారీ తనకు తోచినట్టు వేసినది కాదు. బడిలో నేర్చుకున్న వైశాల్యాలూ శాతాలూ వస్తే, ఆ లెక్క మీరే చేసి చూడవచ్చు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో 2021 వరకు పన్నుకు ఆధారం అద్దె. ఆ ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రాగలదో అంచనా వేసి, దానిమీద పన్ను కట్టేవారు. సొంతవారే కాపురమున్నా అద్దె వచ్చినట్టే లెక్క! 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి విలువ మీద పన్ను వేసే పద్ధతి వచ్చింది.

ఒక ఇల్లు తీసుకుందాం. అంకెలు నేను ఊహించినవే. స్థలం 100 చదరపు గజాలు, గజం 12,000 రూపాయలు. అంటే 12 లక్షలు. ఇల్లు 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు; 800 చదరపు అడుగులు. అడుగుకు 1,000 చొప్పున 8 లక్షలు. ఇల్లు పాతది కనుక నాలుగోవంతు తరుగు తీస్తే 6 లక్షలు మిగిలింది. మొత్తం విలువ 18 లక్షలు. నివాసగృహాలకు పన్ను నూరు రూపాయల విలువకు 10 పైసల నుంచి 50 పైసల లోపల వుండాలన్నారు. మన వూళ్ళో 12 పైసలనుకుంటే, ఏడాదికి 2,160 రూపాయలు.

ఇక్కడ ఒక చిక్కు వున్నది. మీరు టేపు తీసుకుని గదుల లోపల కొలిచారనుకోండి. గోడల మందం 9 అంగుళాలైతే, పొడవు 38½, వెడల్పు 18½ అడుగులే వస్తాయి. వైశాల్యం 712 చదరపు అడుగులు దాటదు. "మావాళ్ళ చేత ఎక్కువ కట్టిస్తున్నారు!" అని బిల్లు కలెక్టరుతో తగవుకు దిగకండి. కొలత గోడల వెలుపలి అంచు నుంచి తీసుకోవాలి. అలా కొలిచినా 800 వచ్చి, కాగితంలో 880 అని వుంటే అప్పుడు అడగవలసిందే. ఆ ఒక్క తప్పుకు, తరుగు పోగా, విలువ 60,000 పెరుగుతుంది; పన్ను ఏటా 72 రూపాయలు ఎక్కువ. ఇరవై ఏళ్ళకు 1,440! కొలతలు రాసి కమిషనరుగారికి అర్జీ పెట్టుకోవాలి.

కొత్త పద్ధతి పెట్టినప్పుడు, పన్ను ఏ ఏడూ నూటికి 15 కన్న ఎక్కువ పెరగరాదని హద్దు పెట్టారు. కొంచెమే కదా అనిపిస్తుంది. వెయ్యి రూపాయల పన్ను ప్రతి ఏడూ ఆ హద్దు దాకా పెరిగితే మొదట 1,150. మరుసటి ఏడు 1,300 అనుకున్నారా? కాదు, 1,322 రూపాయల 50 పైసలు. పెరిగినదాని మీద మళ్ళీ పెరుగుతుందన్నమాట. అయిదో పెంపు తరువాత ఎంతవుతుందో మీరే కట్టండి. రెండు వేలు దాటకపోతే లెక్కలో పొరపాటున్నట్టే.

మోటారు సైకిళ్ళకు, సొంత కార్లకు కొన్నప్పుడే ధరలో ఇంత శాతమని జీవితపన్ను ఒకేసారి కట్టించుకుంటారు. మా చిన్నతనంలో మామూలు సైకిలుకు కూడా పురపాలక సంఘాలు పన్ను వేసి, రేకు బిళ్ళ ఇచ్చేవి.

రసీదులో గ్రంథాలయ పన్ను వున్నదేమో కూడా వెతకండి. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. మన ఇంటికి 172 రూపాయల 80 పైసలు. ఇది పురపాలక సంఘం వాడుకునే సొమ్ము కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాలి. చాలా చోట్ల ఇది ఏళ్ళ తరబడి బాకీ పడుతున్నది. మీ వూరి గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వచ్చి ఎన్నాళ్ళయిందో వెళ్ళి అడగండి.