పుచ్చుకొనని భత్యము

క్రీస్తుపూర్వము 445 ప్రాంతమున, పారసీక చక్రవర్తియగు అర్తహషస్తకు షూషను కోటలో పానపాత్ర నందించు కొలువున నుండిన నెహెమ్యా యను యూదుడు, తన పితరుల పట్టణమైన యెరూషలేము ప్రాకారములు కూలి ద్వారములు కాలి పడియున్నవని విని, ప్రభువు సెలవు పొంది, యూదా దేశమునకు అధికారియై వచ్చెను. ఆతడు 52 దినములలో గోడ పూర్తిచేయించిన వృత్తాంతము బైబిలు చదువరులకు సుపరిచితము; నాయకత్వమును గూర్చి ఉపన్యసించువారు తఱచుగా ఆ గోడనే చూపుదురు. నాకు మాత్రము ఆతని గ్రంథమున గోడకంటె ఆతని భోజనపు బల్ల యెక్కువ విచారింపదగినదిగా దోచును.

ఆ దేశమున అధికారి పోషణభారము ప్రజలపైననే పడుచుండెను. నెహెమ్యాకు ముందున్న అధికారులు జనులయొద్ద ఆహారమును ద్రాక్షారసమునే గాక 40 తులముల వెండిని గూడ పుచ్చుకొనుచుండిరి. యజమానుల యండ చూచుకొని వారి సేవకులును ప్రజలపై పెత్తనము చేయుచుండిరి. నెహెమ్యా 12 సంవత్సరములు ఈ భత్యమును ముట్టలేదు. అట్లని ఆతనికి వ్యయము లేదా యన్న, 150 మంది యూదులును అధికారులును, వారికి దోడు ఇరుగుపొరుగు దేశములనుండి వచ్చిన వారును ఆతని బల్లయొద్దనే భుజించుచుండిరి. దినమున కొక యెద్దును, ఏరిన ఆరు గొఱ్ఱెలును, కోళ్లును సిద్ధము కావలసియుండెను.

ఈ త్యాగము విలువ తెలియవలెనన్న ఆనాటి కఱవును స్మరింపవలెను. తిండిగింజలకై పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువబెట్టినవారును, రాజునకు పన్ను చెల్లించుటకు అప్పుచేసినవారును, కడకు కన్నబిడ్డలను దాస్యమున కప్పగించినవారును వచ్చి మొఱపెట్టుకొనిరి. అప్పిచ్చినవారు పరాయివారు కారు, స్వజనులైన ప్రధానులే. నెహెమ్యా మండిపడి సభ గూర్చి వారిని గద్దించెను. కాని ఆ సభలోనే తానును, తన బంధువులును, సేవకులును గూడ ద్రవ్యమును ధాన్యమును అప్పుగా నిచ్చియున్నామని ఒప్పుకొని, ఇక ఆ అప్పులపై వడ్డీ మానుదమని వారితో గలిసి తన్నును నిలుపుకొనెను. అట్టి కాలమున పొలములు చవుకగా దొరకును. చేత వెండి గల అధికారి వానిని కొనినయెడల తప్పుపట్టు శాసనమును లేదు. ఆతడు భూమి కొనలేదు. తన సేవకులను గూడ గోడపనికే పంపెను.

ఇది యంతయు మనకు దెలిపినవాడు నెహెమ్యాయే. అంతటితో ఊరకుండక, నేను చేసిన యీ మేలును జ్ఞాపకముంచుకొనుమని దేవుని గూడ వేడుకొనెను! తన త్యాగమును తానే పద్దు వ్రాసి చూపినవానిని వినయశీలు డనవచ్చునా యని చదువరి నవ్విన నవ్వవచ్చును. అయితే బైబిలు అధిపతుల వినయమును నాలుకపై వెదకినట్లు కానరాదు. మిద్యానీయులను గెలిచిన గిద్యోనును ప్రజలు తమ్మేలుమని కోరగా, నేను గాని నా కుమారుడు గాని మిమ్మేలము, దేవుడే మిమ్మేలునని ఆతడు పలికెను. అంతకంటె వినయమైన పలుకు దొరకుట యరుదు. ఆ వెంటనే దోపుడుసొమ్ములోని పోగుల నడిగి, 1700 తులముల బంగారము కూర్చుకొని, దానితో ఏఫోదను యాజకవస్త్రము నొకదానిని చేయించి తన యూరైన ఒఫ్రాలో నుంచెను. అది ఆతని యింటివారికే ఉరియైనదని గ్రంథకర్త నిర్మొగమాటముగా వ్రాసెను. తండ్రి వలదన్న రాజ్యమును కుమారుడగు అబీమెలెకు సోదరులను జంపి చేజిక్కించుకొనెను.

కావున బైబిలునందు అధిపతి యేమి పలికెనన్న ప్రశ్న కంటె ఏమి పుచ్చుకొనెనన్న ప్రశ్నయే ముందు వచ్చును. ద్వితీయోపదేశకాండము రాజునకు గుఱ్ఱములను, భార్యలను, వెండిబంగారములను విస్తరింపజేసికొన గూడదని విధించి, ఆతని హృదయము సహోదరులపై గర్వింపకుండుటకై ధర్మశాస్త్ర ప్రతిని వ్రాసికొని దినదినమును చదువుకొమ్మనెను. వృద్ధుడైన సమూయేలు అధికారమును విడుచునపుడు, ఎవని యెద్దును తీసికొంటిని, ఎవని గాడిదను పట్టుకొంటినని ప్రజలనే సాక్ష్య మడిగెను. అది యొక విధమైన లెక్కల తనిఖీ. ఆతని కుమారులు లంచములు పుచ్చుకొనినవారన్న సంగతిని గూడ సమూయేలు గ్రంథమే దాచక చెప్పినది.

యేసు శిష్యుల పాదములు కడిగిన ఘట్టము లోకప్రసిద్ధము గనుక విస్తరింప బనిలేదు. కుడియెడమల ఆసనములకై జెబెదయి కుమారులు చేసిన విన్నపమును అప్పటికింకను మఱవని శిష్యబృందము నడుమ అది జరిగియుండునని మాత్రము ఊహింతును. అంతగా ప్రసిద్ధము గానిది పౌలు నడవడి. ఆతడు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల యను దంపతుల యింట డేరాలు కుట్టి జీవించెను. సువార్త ప్రకటించువాడు దానివలన జీవింప నర్హుడని ఆ పట్టణమువారికి వ్రాసిన లేఖలో దీర్ఘముగా వాదించి, వాదము గెలిచిన పిమ్మట, ఆ హక్కును తాను వాడుకొనలేదనెను. మాసిదోనియ సోదరులు తెచ్చినదానిని మాత్రము స్వీకరించెను. హక్కు లేనివాడు మానుకొనుటలో విశేషము లేదు. నెహెమ్యాకును పౌలునకును హక్కు కలదు.

ఇంతమాత్రమున నెహెమ్యాను సాధుమూర్తిగా భావింపరాదు. అన్యదేశ స్త్రీలను వివాహమాడినవారిలో కొందఱిని కొట్టి, జుట్టు పెఱికినట్లు తానే వ్రాసికొనెను; దానిని మెచ్చుకొనుట నాకు సాధ్యము గాదు. 12 సంవత్సరముల పిమ్మట రాజునొద్దకు మరలిపోయి, మఱల యెరూషలేమునకు వచ్చునప్పటికి, మందిరసేవకులగు లేవీయుల ధాన్యభాగము నిలువచేయు మందిరపు గదిని టోబీయా యను పెద్దమనిషి తన నివాసముగా జేసికొనియుండెను. భాగములు ముట్టని లేవీయులు కొలువు విడిచి తమ పొలములకు బోయియుండిరి. తన భత్యమును ముట్టని యా అధికారి, టోబీయా సామగ్రిని బయట పాఱవేయించి, లేవీయులను పిలిపించి వారి స్థానములలో నిలిపెను. పిదప యాజకుడగు షెలెమ్యాను, శాస్త్రియగు సాదోకును, లేవీయుడగు పెదాయాను, వారికి సహాయుడుగా హానానును కొట్లపై నియమించి, ఎవరి భాగము వారికి పంచిపెట్టు పనిని వారి కప్పగించెను.