కల్పిత దేహముపై శస్త్రసాధన

శస్త్రవిద్య నేర్చు శిష్యుడు మనుష్యదేహముపై కత్తి పెట్టుటకు ముందు గుమ్మడి, సొర, దోసకాయలను కోసి చేయి అలవరచుకొనవలెనని సుశ్రుతుడు తన సంహితయందు విధించెను. సిరావేధమునకు కలువకాడలను, కుట్లకు మందపు గుడ్డను, మెత్తని తోలును వాడుమనెను. తొలి పొరపాటు రోగి ప్రాణముమీదికి రారాదనుటయే ఆ గురువు తలంపు. అదే తలంపుతో నేటి వైద్యులు చేపట్టిన వర్చువల్ రియాలిటీని గూర్చి శ్రోతలకు వివరింపదలచితిమి.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున 16 మంది యువవైద్యులపై జరిపిన పరీక్ష ఫలితములు 2002లో వెలువడినవి. కంప్యూటరు తెరపైని ఆకృతులను పరికరముల పిడులతో పట్టి కదల్చుచు కొందరు ముందుగా సాధన చేసిరి. పిదప రోగులకు పిత్తాశయ చికిత్స చేయునపుడు వారు ఆ అవయవమును 29 శాతము త్వరగా విడదీసిరి. సాధన లేనివారు దానిని గాయపరచుటకో, పరిసరభాగములను కాల్చుటకో ఐదురెట్లు అధికముగా అవకాశము కలిగెను.

కండ్లకు తొడుగు యంత్రములును కలవు. వానిని ధరించినవానికి ఎదుటి గది మరుగై, కంప్యూటరు కల్పించిన దేహభాగమే కనబడును. 2022లో బ్రెజిల్ దేశపు రియో డి జనీరో నగరమున, తలలు కలిసి పుట్టిన మగకవలలను వేరుచేసిరి. వారికి నాలుగేండ్లు నిండవచ్చినవి. స్కానింగు చిత్రములనుండి ఆ తలల నమూనాను నిర్మించి, లండనునుండి నూర్ ఉల్ ఒవాస్ జీలానీయు, రియో వైద్యులును ఒకే కల్పిత గదిలో కలిసికొని నెలలతరబడి సాధన చేసిరి. ఉమ్మడి రక్తనాళములను ఏ వరుసలో విడదీయవలెనో అక్కడనే నిర్ణయించుకొనిరి. మొత్తము ఏడు శస్త్రచికిత్సలు జరిగినవి. పిల్లలిద్దరును బ్రతికిరి.

ఆగ్మెంటెడ్ రియాలిటీ అనునది వేరొక పద్ధతి. ఇందు రోగి కంటికి మరుగుపడడు. అతని దేహముపైననే లోపలి ఎముకల చిత్రము పరచినట్లు కనబడును. 2020 జూన్ నెలలో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ఇట్టి అద్దములు ధరించి ఒక రోగి వెన్నెముకయందు ఆరు మరలు బిగించిరి.

ఈ సాధనములకు హద్దులు లేకపోలేదు. పుర్రె తెరచిన పిదప మెదడు కొంత చోటు మారును. అంతటితో ముందు తీసిన చిత్రము పాతబడును. నాళపు మెత్తదనము, హఠాత్తుగా చిమ్ము నెత్తురు కల్పిత నమూనాలో పూర్తిగా తెలియవు. ఆ వేళ వైద్యుని అనుభవమే దిక్కు.

మన ఇంట ఎవరికైన శస్త్రచికిత్స నిశ్చయమైనపుడు, “అయ్యా, దీనికి మీరెట్లు సిద్ధపడుచున్నారు?” అని వైద్యుని వినయముగా అడుగవచ్చును. సాధన చేసినవానికి ఆ ప్రశ్న కష్టము కలిగింపదు.