కన్నీటికి వెల కట్టే వ్యాపారం

మనిషికి ఇస్లాం ఇచ్చిన గౌరవం అతని ఊపిరితోనే ముగిసిపోదు. మయ్యత్‌కు గుసుల్ ఇచ్చేటప్పుడు మన పెద్దలు పాటించే పద్ధతిని గమనించండి. చుట్టూ తెర కడతారు. దేహంపై వస్త్రం కప్పి ఉంచుతారు. అవసరమైనవారు తప్ప ఇతరులెవరూ లోపలికి వెళ్ళరు. గుసుల్ ఇచ్చినవారు అక్కడ తమ కంటబడిన లోపాన్ని బయట చెప్పకూడదు. మృతదేహానికి హాని తలపెట్టడాన్ని బతికున్న మనిషికి హాని చేయడంతో సమానంగా దైవప్రవక్త ముహమ్మద్ (స) పరిగణించారు.

ఇంతటి మర్యాద నేర్చుకున్న మనం నేటి ప్రకటనల ప్రపంచాన్ని ఏ దృష్టితో చూడాలి? ఎక్కడో భూకంపం వస్తుంది, మరెక్కడో బాంబులు పడతాయి. ఆ దృశ్యాలను లోకానికి వార్తగా చూపించడం అవసరమే. అన్యాయానికి సాక్ష్యం కావాలి, బాధితులకు సాయం అందాలి. కాని అదే దృశ్యాన్ని ఒక చొక్కానో, మరో సరుకునో అమ్ముకోవడానికి వాడుకుంటే? వార్తకూ వ్యాపారానికీ మధ్యనున్న ఆ గీతను గుర్తించడం మనందరి బాధ్యత.

మూలన చిన్న ముద్ర

ఈ చర్చను ప్రపంచం ముందు నిలబెట్టినది ఇటలీకి చెందిన బెనెటన్ అనే దుస్తుల కంపెనీ. మన నగరాల్లోనూ దాని దుకాణాలు ఉన్నాయి. ఒలివియెరో టోస్కానీ అనే ఫొటోగ్రాఫర్ 1982 నుంచి 2000 వరకు ఆ కంపెనీ ప్రకటనలను తీర్చిదిద్దాడు. 1992లో అతను ప్రకటనల కోసం పత్రికల్లో వచ్చిన నిజమైన విషాద చిత్రాలను తీసుకున్నాడు. చిత్రం మూలన ఆకుపచ్చ రంగులో కంపెనీ పేరు మాత్రం ఉండేది.

వాటిలో ఒకటి వ్లోరా అనే ఓడ బొమ్మ. 1991 ఆగస్టులో, ముస్లింలు అధికంగా ఉన్న అల్బేనియా నుంచి దాదాపు 20,000 మంది ఆకలితో, ఆశతో ఆ ఓడ ఎక్కి ఇటలీలోని బారీ రేవుకు చేరుకున్నారు. నిలబడటానికి చోటు లేక తాళ్ళు పట్టుకుని వేలాడారు. వారిలో అత్యధికులను ఇటలీ ప్రభుత్వం వెనక్కి పంపేసింది. ఏడాది తిరగకుండానే వారి దైన్యం ఊలు దుస్తుల కంపెనీకి గోడ పత్రిక అయింది.

1994లో మరో ప్రకటన వచ్చింది. అందులో మనిషి లేడు. బోస్నియా యుద్ధంలో మరణించిన ఒక క్రొయేషియన్ సైనికుని రక్తంతో తడిసిన చొక్కా, ప్యాంటు మాత్రమే ఉన్నాయి. చొక్కాకు తూటా చేసిన రంధ్రం కనిపిస్తూనే ఉంది. దానిని ప్రచురించడానికి కొన్ని పత్రికలు నిరాకరించాయి. శాంతి కోసమే వేశామని కంపెనీ చెప్పుకుంది. శాంతి సందేశానికి దుస్తుల దుకాణం పేరు ఎందుకు అంటించాలని అడిగినవారికి మాత్రం సరైన జవాబు దొరకలేదు.

రోగి పెట్టిన షరతు

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది 1992 నాటి మరో చిత్రం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక యువకుడు ఎయిడ్స్‌తో మరణశయ్యపై ఉన్నాడు. తండ్రి అతని తలను గుండెకు హత్తుకుని విలపిస్తున్నాడు. 1990లో థెరీస్ ఫ్రేర్ అనే విద్యార్థిని తీసిన ఈ నలుపు తెలుపు చిత్రాన్ని అదే ఏడాది నవంబరులో ‘లైఫ్’ పత్రిక ప్రచురించింది. ఎయిడ్స్ రోగిని తాకడానికే జనం భయపడే రోజులవి. వారిపట్ల కరుణ కలిగించడంలో ఆ చిత్రం చేసిన మేలు తక్కువేమీ కాదు. రెండేళ్ళ తరువాత బెనెటన్ దానికి రంగులద్ది ప్రకటనగా వాడుకుంది.

న్యాయంగా చెప్పాలంటే, ఇందుకు ఆ కుటుంబం అనుమతి ఇచ్చింది. కంపెనీ తమను వాడుకోవడం లేదని, కొడుకు కథ లోకానికి తెలియడానికి తామే కంపెనీని వాడుకుంటున్నామని ఆ తండ్రి భావించాడు. కడుపుకోతకు గురైన తల్లిదండ్రులను తప్పుపట్టే అర్హత మనకు లేదు. కాని మరో సంగతి ఉంది. ఫొటోలు తీసుకోవడానికి ఒప్పుకునేటప్పుడు ఆ యువకుడు ఒకే ఒక్క షరతు పెట్టాడు. వాటితో సొంత లాభం చూసుకోకూడదని. ఫ్రేర్ ఆ మాటకు కట్టుబడి, ఆ చిత్రానికి డబ్బు తీసుకోలేదని చెప్పింది. తీసిన మనిషి ముట్టని లాభాన్ని, ఎవరి కోసమూ ఏమీ తీయని కంపెనీ ఆశించింది. అమానత్ అంటే ఏమిటో ఆ ఫొటోగ్రాఫర్‌కు తెలిసింది, వ్యాపారికి తెలియలేదు.

ఈ కంపెనీ ప్రకటనలు న్యాయస్థానాల మెట్లు కూడా ఎక్కాయి. మనిషి శరీరంపై హెచ్ఐవీ ముద్ర కొట్టినట్లు చూపిన ప్రకటన విషయంలో 1995లో పారిస్ న్యాయస్థానం బాధితులకు పరిహారం చెల్లించమంది. అదే ప్రకటన విషయంలో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2000లోనూ, 2003లోనూ భావ ప్రకటన స్వేచ్ఛ వైపు నిలిచింది. చట్టం దేశానికో రీతిగా ఉంటుంది. చట్టం వద్దనని ప్రతిదీ ధర్మమైపోదు. సంకల్పాన్నిబట్టే కర్మ విలువ అని నమ్మే మనకు కొలబద్ద వేరే ఉంది.

శిథిలాల్లో దొరికిన చొక్కా

2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా సమీపంలోని సావార్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలిపోయింది. 1,100 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది విదేశీ కంపెనీలకు దుస్తులు కుట్టే పేద ఆడపడుచులు. ముందురోజే గోడలు పగుళ్ళిచ్చినా వారిని పనిలోకి రమ్మన్నారు. ఆ శిథిలాల్లో బెనెటన్ పేరున్న చొక్కాలు బయటపడ్డాయి. తమకు సంబంధం లేదని కంపెనీ మొదట చెప్పింది. ఫొటోలు వెలుగు చూశాక అక్కడ ఒకసారి సరుకు కుట్టించుకున్నట్లు ఒప్పుకుంది. బాధితుల నిధికి 11 లక్షల డాలర్లు ఇచ్చింది 2015లో, అంటే రెండేళ్ళ తరువాత.

లోకంలోని దుఃఖాలన్నిటి మీదా తన పేరు వేసుకున్న కంపెనీ, తన చొక్కా కుట్టిన చేతులు శిథిలాల కింద నలిగినప్పుడు మాత్రం ఆ పేరును దాచుకోవాలని చూసింది. ఇతరుల బాధను అలంకారంగా వాడుకునే వ్యాపారం అసలు రూపం ఇదే.

మన ఇంటి సంగతి

ఇతరులను వేలెత్తి చూపేముందు మన వాకిలి కూడా చూసుకుందాం. రంజాన్ వస్తుంది. జకాత్, ఫిత్రా పంచుతాం. బియ్యం సంచి అందుకుంటున్న వితంతువు, కుట్టుమిషన్ ముందు తలదించుకున్న యువతి, పుస్తకాలు పట్టుకున్న యతీమ్ బిడ్డ... వెనుక దాతల పేర్లతో పెద్ద బ్యానరు, ముందు కెమెరా. మరునాడు ఆ ఫొటో ఊరంతా తిరుగుతుంది. ఆ బిడ్డ రేపు బడికి వెళితే తోటి పిల్లలు ఏమంటారు? ఆ యువతికి సంబంధం వస్తే ఆ ఫొటో ఎవరి ఫోనులో ఉంటుంది?

దానం చేసి దెప్పిపొడిచేవారి, జనం మెప్పు కోసం ఇచ్చేవారి దానం వ్యర్థమైపోతుందని దివ్య ఖుర్‌ఆన్ ‘బఖరా’ సూరాలో హెచ్చరిస్తోంది. లెక్క చూపించడం సంస్థలకు అవసరమే, కాదనము. ఎన్ని కుటుంబాలకు ఎంత చేరిందో రాసి చూపించవచ్చు. సంచులను ఫొటో తీయవచ్చు. అందుకున్నవారి ముఖాలు మాత్రం మన వద్ద అమానత్.

విషాద దృశ్యం ఏది కంటబడినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇందులోని మనిషి లేదా అతని కుటుంబం ఇందుకు ఒప్పుకుందా? దీనివల్ల వచ్చే డబ్బు ఎవరికి చేరుతుంది? ఇది మన తల్లి ముఖమో, మన బిడ్డ ముఖమో అయితే సహిస్తామా? జవాబు సంతృప్తిగా లేకుంటే దానిని మరొకరికి పంపకుండా అక్కడే ఆపేద్దాం. వ్యాపార ప్రకటన మరీ హద్దు మీరితే, 1985లో ఏర్పడిన భారత ప్రకటనల ప్రమాణాల మండలికి సామాన్యులు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఈ మాటలు పిల్లలకు కూడా చెప్పడం తల్లిదండ్రుల బాధ్యత. ఫోను ఇప్పుడు వారి చేతుల్లోనే ఉంది కదా.

ఇహలోకంలో తోటివాని లోపాన్ని కప్పి ఉంచినవారిని ప్రళయదినాన అల్లాహ్ కప్పి ఉంచుతాడని మన విశ్వాసం. ఆనాడు మనందరికీ ఆ తెర అవసరమవుతుంది. ఇతరుల కన్నీటిని కాపాడే మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.