ధమనులు: ఏది దేనిని పోషిస్తుంది?

మా ఓ.పి.కి వచ్చేవారిలో చాలామంది "గుండెల్లో గ్యాస్ పట్టేసిందండీ" అనీ, "కాళ్ళు లాగుతున్నాయండీ, వాతం చేసిందేమో" అనీ చెబుతుంటారు. ఒక్కొక్కసారి అది గ్యాసూ కాదు, వాతమూ కాదు. ఆ భాగానికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోతూ ఉంటుంది. అందుకే మన శరీరంలోని పెద్ద ధమనుల గురించి ఈసారి తెలుసుకుందాం.

గుండె నుండి రక్తాన్ని తీసుకువెళ్ళే నాళాలు ధమనులు. తిరిగి గుండెకు తెచ్చేవి సిరలు. గుండె కుడి భాగం నుండి బయలుదేరే ధమని రక్తాన్ని ఆక్సిజన్ కోసం ఊపిరితిత్తులకు చేరుస్తుంది. ఎడమ భాగం, మనం ఊరకే కూర్చున్నప్పుడు కూడా, నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని బృహద్ధమనిలోకి పంపుతుంది. ఇది ఇంచుమించు బొటనవేలంత లావుంటుంది. పెద్ద కాలువ నుండి పిల్ల కాలువలు చీలినట్లు మిగిలిన ధమనులన్నీ దీని నుండే చీలుతాయి. ఏ కాలువ పూడితే ఆ కాలువ కింది పొలం ఎండుతుంది. శరీరంలోనూ అంతే.

గుండెకు: బృహద్ధమని మొదటి కొమ్మలు రెండు కరోనరీ ధమనులు. గుండె గదుల నిండా రక్తం ఉన్నా, గుండె కండరానికి ఆహారం అందేది వీటి ద్వారానే. వీటిలో రక్తం గడ్డ అడ్డుపడితే గుండెపోటు వస్తుంది. ఛాతీలో బరువు, చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, చెమటలు దీని గుర్తులు. షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం మాత్రమే రావచ్చు.

మెదడుకు: మెడకు ఇరుపక్కలా రెండు కరోటిడ్ ధమనులు, మెడ ఎముకల గుండా రెండు వెన్నుపూస ధమనులు వెళతాయి. మెదడులో ధమని మూసుకుపోతే మూతి వంకర పోతుంది, చేయి పడిపోతుంది, మాట తడబడుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షను, తగినవారికి, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పసరు మందులకూ నూనె మర్దనకూ తిరిగితే ఆ సమయం కాస్తా దాటిపోతుంది. లక్షణాలు కాసేపటికే తగ్గిపోయినా ఆసుపత్రికి రావలసిందే.

చేతులకు: పై చేతిలోని ధమని దగ్గరే మేము బీపీ చూస్తాము. అది మోచేయి దగ్గర రెండుగా చీలుతుంది. మణికట్టు వద్ద బొటనవేలి వైపు కొట్టుకునేది అందులో ఒకటి. నాడి చూసేది దానినే.

పొట్టకు, మూత్రపిండాలకు: మూడు కొమ్మలు జీర్ణాశయానికి, కాలేయానికి, ప్లీహానికి, పేగులకు వెళతాయి. మూత్రపిండాలకు చెరొక ధమని ఉంటుంది. గుండె పంపే రక్తంలో సుమారు అయిదో వంతు ఈ రెండింటికే పోతుంది. బీపీ అదుపులో లేకపోతే ఇవి దెబ్బతినేది అందుకే.

కాళ్ళకు: బొడ్డు దరిదాపుల్లో బృహద్ధమని రెండుగా చీలి, తొడల గుండా పాదాల వరకు వెళుతుంది. పాదాలు శివారు భూముల వంటివి. నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గే నొప్పి, మానని పుండు, చల్లబడిన పాదం కనిపిస్తే ధమని సన్నబడిందేమో చూపించుకోవాలి. షుగరు ఉన్నవారు, చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆలస్యమైతే వేలు గాని కాలు గాని తీసివేయవలసి రావచ్చు.

మీరు చేయవలసినవి:
1. పొగాకు పూర్తిగా మానండి.
2. బీపీ, షుగరు, కొలెస్టరాల్ పరీక్ష చేయించుకోండి. బాగానే ఉందని మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు.
3. రోజూ అరగంట నడవండి. ఉప్పు, నూనె, పచ్చళ్ళు తగ్గించండి.
4. షుగరు ఉన్నవారు ప్రతి రాత్రి పాదాలు చూసుకోండి.
5. ఛాతీ నొప్పి గాని, పక్షవాతం గుర్తులు గాని కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో గుర్తుంచుకొని డాక్టరుకు చెప్పండి.

ఈ రోజే మీ ఇంట్లో పెద్దవారి పాదం పైభాగాన, బొటనవేలి ఎముకకు కాస్త పక్కగా, మెల్లగా వేళ్ళు ఆనించి చూడండి. నాడి తెలియకపోతే భయపడకండి. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ కొందరికి అక్కడ తెలియదు. కాని ఈసారి వచ్చినప్పుడు ఆ మాట మాతో చెప్పండి, మేము చూస్తాము.