లారీ హెడ్ గ్యాస్కెట్ మళ్లీ మళ్లీ పోతోందా? తప్పు గ్యాస్కెట్‌ది కాకపోవచ్చు.. మొగిలి ఘాట్ ఎక్కే బండ్ల అసలు సమస్య ఇదే!

బంగారుపాళ్యం దాటింది. మొగిలి ఘాట్ మొదలైంది. వెనకాల మామిడికాయల లోడు. సగం ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పాకుతుంది. రేడియేటర్ మూత దగ్గర బుస్సుమని ఆవిరి. డ్రైవర్ బండిని పక్కకు తీస్తాడు. రెండు నెలల కిందటే హెడ్డు దించి కొత్త గ్యాస్కెట్ వేయించిన బండి అది. ఈ సీజన్‌లో చిత్తూరు, తిరుపతి వైపు తిరిగే లారీ ఓనర్లకు ఈ సీను కొత్తేమీ కాదు.

ఒకసారి పోతే సరే, ఖర్చు పెట్టుకుని బాగు చేయించుకుంటారు. రెండోసారి, మూడోసారి కూడా అదే పోతే? లోడు కాయ మెత్తబడుతుంది, కిరాయి పోతుంది, ఫైనాన్స్ కంతు మాత్రం ఆగదు. సొంత బండి నడుపుకునే వాళ్లకైతే ఒక్క సీజన్ పోతే ఏడాది లెక్కే తారుమారు. అప్పుడు "గ్యాస్కెట్ డూప్లికేట్‌ది" అనో "మేస్త్రీ సరిగ్గా బిగించలేదు" అనో గొడవ మొదలవుతుంది. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ చాలాసార్లు గ్యాస్కెట్ కాలిపోవడం రోగం కాదు, రోగానికి గుర్తు మాత్రమే.

అసలు హెడ్ గ్యాస్కెట్ ఏం చేస్తుంది?

ఇంజిన్ బ్లాక్‌కి, పైన ఉండే సిలిండర్ హెడ్డుకి మధ్య పెట్టే పలుచటి షీటు ఇది. దీనికి ఒకేసారి మూడు పనులు. సిలిండర్‌లో మండే గ్యాస్ బయటికి రాకూడదు. కూలింగ్ నీళ్లు సిలిండర్‌లోకి పోకూడదు. ఆయిల్, నీళ్లు కలవకూడదు. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు కదా.. గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడితోనే డీజిల్‌ని మండిస్తుంది. అందుకే లోపలి ఒత్తిడి పెట్రోల్ ఇంజిన్ కంటే చాలా ఎక్కువ. మంట అంటుకున్న క్షణంలో అది 100 బార్ దాటుతుంది. అంటే మామూలు గాలి ఒత్తిడికి 100 రెట్ల పైనే. హెడ్డుని కిందికి అదిమి పట్టుకునేది హెడ్ బోల్టులు. ఆ పట్టు ఎక్కడ కొంచెం సడలినా గ్యాస్ అక్కడే దారి వెతుక్కుంటుంది.

ఘాట్‌లోనే ఎందుకు?

చిత్తూరు సముద్ర మట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంది. పలమనేరు 650 మీటర్ల పైన. ఇటు తిరుపతి నుంచి మదనపల్లె పోవాలంటే భాకరాపేట ఘాట్ ఎక్కాల్సిందే. లోడుతో ఎక్కేటప్పుడు ఇంజిన్ పూర్తి శక్తి వాడుతుంది, బండి మాత్రం నత్తలా కదులుతుంది. ఎదురుగాలి రేడియేటర్‌కి దాదాపు తగలదు. భారమంతా ఫ్యాన్ మీదే. దానికి తోడు మే నెల ఎండ.

ఇక్కడే డ్రైవర్లు చేసే ఒక పొరపాటు ఉంది. డీజిల్ మిగులుతుందని పై గేర్‌లోనే ఇంజిన్‌ని ముక్కిస్తూ ఎక్కిస్తారు. ఇంజిన్ మెల్లగా తిరిగితే వాటర్ పంపు, ఫ్యాన్ కూడా మెల్లగానే తిరుగుతాయి. సిలిండర్‌లో ఒత్తిడి మాత్రం ఎక్కువగానే ఉంటుంది. అంటే వేడి పెరుగుతుంది, చల్లబరిచేది తగ్గుతుంది. ఒక గేర్ కిందికి దించి, ఇంజిన్‌ని హాయిగా తిరగనిస్తే బండికే మంచిది. ఘాట్ ఎక్కిన వెంటనే ఇంజిన్ ఆపేయడం కూడా తప్పే. నీళ్లు కదలకుండా ఆగిపోతే హెడ్డులో ఉన్న వేడి అక్కడే నిలిచిపోతుంది. కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. మరిగే ఇంజిన్ మీద చన్నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది. మూత వెంటనే తీస్తే మొహం, చేతులు కాలతాయి.

బోరు నీళ్లతో అసలు చిక్కు

రాయలసీమలో బోరు నీళ్లంటే ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఇంట్లో గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునే ఉప్పే ఇంజిన్ లోపల కూడా పేరుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్లలోకి సరిగా పోనివ్వదు. నీళ్లు మామూలుగానే ఉన్నట్టు మీటర్ చూపిస్తుంది, లోపల హెడ్డు ఇనుము మాత్రం కొలిమిలా ఉంటుంది. రేడియేటర్ గొట్టాలు కూడా పూడుకుపోతాయి. దారిలో ఏ హోటల్ దగ్గరో బిందె అడిగి పోసుకుంటూ పోయే బండ్లకు ఇది తప్పదు. కంపెనీ చెప్పిన కూలెంట్ కలిపితే నీళ్లు మరిగే వేడి పెరుగుతుంది, తుప్పు ఆగుతుంది. డీజిల్ ఇంజిన్ లైనర్లకు బయటివైపు సన్నగా గుంటలు పడతాయి. వాటిని ఆపేది కూడా ఆ మందులే. ఆ గుంట లోపలి దాకా తొలిస్తే గ్యాస్ నీళ్లలోకి వస్తుంది. అప్పుడు కొత్త గ్యాస్కెట్ వేసినా బుడగలు ఆగవు.

ఇంకో మాట. "వేడెక్కుతోంది, థర్మోస్టాట్ వాల్వ్ పీకేయ్" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. చాలా ఇంజిన్లలో ఆ వాల్వ్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూసేసి నీళ్లన్నీ రేడియేటర్‌కి పంపుతుంది. అది పీకేస్తే కొన్ని నీళ్లు రేడియేటర్ దాకా పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వచ్చేస్తాయి. చల్లబరచాలని చేసిన పనే వేడి పెంచుతుంది!

హెడ్డు దించకముందే ఇవి చూడండి

రాత్రంతా నిలిపిన బండి. పొద్దున రేడియేటర్ హోస్ నొక్కితే గట్టిగా ఉందా? ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గుతున్నాయా? ఆయిల్ పాలు కలిపిన టీలా ఉందా? ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తోందా? ఇవన్నీ గ్యాస్కెట్ వైపే వేలు చూపిస్తాయి.

కానీ తొందర వద్దు. రేడియేటర్‌లో బుడగలు వస్తే వెంటనే హెడ్డు దించేయడం మన దగ్గర అలవాటు. చాలా లారీల్లో బ్రేకుల కోసం ఉండే ఎయిర్ కంప్రెసర్‌కి కూడా ఇంజిన్ నీళ్లే పోతాయి. దాని గ్యాస్కెట్ పోయినా, దాని హెడ్డు పగిలినా గాలి నేరుగా రేడియేటర్‌లోకి వస్తుంది. చూడ్డానికి అచ్చం ఇంజిన్ గ్యాస్కెట్ పోయినట్టే ఉంటుంది. ముందు కంప్రెసర్ నీళ్ల లైన్లు విడదీసి, ఇంజిన్ వైపు మూసి కొద్దిసేపు చూస్తే తేలిపోతుంది. బుడగలు ఆగితే వేల రూపాయలు మిగిలినట్టే. రేడియేటర్ గాలిలో మండిన గ్యాస్ ఉందో లేదో చెప్పే రంగు ద్రవం కూడా దొరుకుతుంది. గ్యాస్ తగిలితే దాని నీలం రంగు మారిపోతుంది. ఇంజెక్టర్ స్లీవ్ లీకైనా ఇలాంటి గుర్తులే కనిపిస్తాయి. అది కూడా చూడాలి.

పాత గ్యాస్కెట్ పారేయొద్దు

హెడ్డు దింపాక మొదట చూడాల్సింది తీసిన గ్యాస్కెట్‌నే. ప్రతిసారీ ఒకే సిలిండర్ దగ్గర, ఒకే చోట కాలిందా? అయితే లోపం బ్లాక్‌లోనో, లైనర్‌లోనో ఉంది. ప్రతిసారీ వేరే చోట పోతుంటే ఓవర్ హీట్, బోల్టులు, హెడ్డు వంకర.. ఇలా వెతకాలి. రెండు, మూడుసార్లు పోయిన గ్యాస్కెట్లు పక్కపక్కన పెడితే సగం కథ అవే చెప్తాయి. చాలా షెడ్లలో అవి ఆ రోజే పాత ఇనుములోకి పోతాయి, అదే బాధ.

తడి లైనర్ల ఇంజిన్లలో లైనర్ అంచు బ్లాక్ కంటే కొంచెం పైకి ఉండాలి. కొంచెం అంటే మిల్లీమీటర్‌లో వందో వంతుల లెక్క. ఎంత ఉండాలన్నది ఒక్కో ఇంజిన్‌కి ఒక్కోలా మాన్యువల్‌లో ఉంటుంది. ఆ అంచే గ్యాస్కెట్ రింగుని నొక్కి పెడుతుంది. లైనర్ కూర్చునే మెట్టు అరిగి ఒక్కటి కిందికి దిగినా అక్కడ పట్టు ఉండదు. ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా అక్కడే కాలుతుంది. కంటికి తెలియదు, డయల్ గేజ్ పెట్టి కొలవాల్సిందే. తేడా వస్తే మెట్టు కోయించి షిమ్ వేయాలి. మళ్లీ మళ్లీ పోయే బండ్లలో ఎక్కువగా వదిలేసే పని ఇదే. ఎందుకంటే లైనర్లు కదిలించాలి, ఖర్చు పెరుగుతుంది, బండి ఇంకో రెండు రోజులు ఆగుతుంది.

హెడ్డుని లేత్ షాపుకి పంపి ఫేసింగ్ చేయించడం అందరూ చేసేదే. దానికి ముందే పగుళ్లు చెక్ చేయించాలి. ఎంత మందం మిగిలిందో కూడా చూడాలి. హద్దు దాటితే హెడ్డు మార్చాల్సిందే. ఫేసింగ్ తర్వాత వాల్వులు, ఇంజెక్టర్ ముక్కు ఎంత బయటికి వచ్చాయో కొలవాలి. బ్లాక్ పైభాగాన్ని గ్రైండర్ డిస్క్‌తో గీకడం మాత్రం వద్దు. కంటికి కనపడని పల్లాలు పడతాయి, ఆ పొడి ఆయిల్‌లో చేరి బేరింగులను తింటుంది.

బోల్టుల దగ్గరే సగం తప్పులు

పైపు తగిలించి బలం కొద్దీ బిగించే రోజులు పోయాయి. టార్క్ రెంచ్‌తో, మధ్య నుంచి చివరలకు, రెండు మూడు దశల్లో బిగించాలి. కొత్త ఇంజిన్లలో చాలావాటికి చివర్లో డిగ్రీల లెక్కన తిప్పాలి. అలా బిగిస్తే బోల్టు సాగుతుంది. సాగిన బోల్టుని మళ్లీ వాడితే పట్టు రాదు. బోల్టు రంధ్రంలో నీళ్లో, ఆయిలో మిగిలితే ఇంకా ప్రమాదం. రెంచ్ "టక్" మంటుంది కానీ హెడ్డు బిగుసుకోదు, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది.

ఇది మన దగ్గర సమస్యే కాదు. అమెరికాలో 2003 నుంచి 2007 వరకు ఫోర్డ్ పెద్ద పికప్‌లలో వచ్చిన 6.0 లీటర్ డీజిల్ ఇంజిన్ దీనికి బాగా పేరుమోసింది. సిలిండర్ చుట్టూ నాలుగే బోల్టులు, అవి కూడా పక్క సిలిండర్‌తో పంచుకునేవి. ఆయిల్ కూలర్ పూడుకుపోతే ఈజీఆర్ కూలర్‌కి నీళ్లు అందక ఆవిరి పుట్టేది, ఒత్తిడి పెరిగి హెడ్డు లేచేది. అక్కడి మెకానిక్‌లు గ్యాస్కెట్‌తో పాటు గట్టి స్టడ్లు వేసి, కూలర్లు కూడా మార్చడం మొదలుపెట్టారు. ఒక్క గ్యాస్కెట్ మార్చిన బండ్లు మళ్లీ షెడ్డుకే వచ్చేవి.

హెడ్డు మూసే ముందు ఓనర్ దగ్గరుండి లైనర్ కొలతలు, హెడ్డు మందం, టార్క్ అంకెలు ఒక కాగితం మీద రాయించుకుంటే మంచిది. ఫోన్‌లో ఫొటో తీసుకున్నా చాలు. బండి స్టార్ట్ చేశాక కూలింగ్ సిస్టమ్‌లో గాలి పూర్తిగా పోయేదాకా చూడాలి. మొదటి ట్రిప్పు ఘాట్ వైపు కాకుండా తక్కువ లోడుతో పెట్టుకోవాలి. మళ్లీ టార్క్ చేయాల్సిన రకం గ్యాస్కెట్ అయితే, మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లకు బండిని వెనక్కి తేవాలి.